పేరు మీద ఇల్లుంటే పెన్షన్ పోతుందా?

మల్కాజిగిరి వైపు ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా నాది డాక్యుమెంట్ రైటర్ షాపు. వీలునామా రాయించుకోవడానికి వచ్చే పెద్దవాళ్లలో కొందరు పనంతా అయ్యాక, కుర్చీలోంచి లేవబోతూ గొంతు తగ్గించి అడుగుతారు: "మా చిన్నోడికి వికలాంగుల పెన్షన్ వస్తది సార్. వాడి పేరు మీద వాటా రాస్తే ఆగిపోతదంట, నిజమేనా?" నేను తిరిగి ఒకటే అడుగుతాను: "ఏ పెన్షన్?"

సగం తికమక అక్కడే ఉంది. చేయూత కింద రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేదీ పెన్షనే, తండ్రి సర్కారు కొలువు చేసి పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షనూ పెన్షనే. మొదటిదానికి ఇంటిల్లిపాది ఆదాయం చూస్తారు. రెండోదానికి ఆ మనిషి సొంత ఆదాయం చూస్తారు. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, నేషనల్ ట్రస్ట్ వాళ్ల లక్ష రూపాయల నిరామయ ఆరోగ్య బీమా, ఇవి ఆస్తి ఉండటంతో పోయేవి కావు. వైకల్యం ఏ రకం, ఎంత శాతం అన్నదే ముఖ్యం. కాబట్టి వీలునామాకు కూర్చునే ముందు ఒక కాగితం మీద మీ బిడ్డకు ఇప్పుడు ఏమేం వస్తున్నాయో, మీ ఇద్దరి తర్వాత ఏమేం రావాలో విడివిడిగా రాసుకోండి. రెండో వరుస చాలామంది రాయరు. అసలు డబ్బు అందులోనే ఉంటుంది.

ఈ విషయాలు నాకు వృత్తిరీత్యానే కాదు, ఇంటి నుంచీ తెలుసు. మా అక్క కొడుక్కి డౌన్ సిండ్రోమ్. బావ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాక పోయాడు. ఇప్పుడు ఫ్యామిలీ పెన్షన్ అక్కకు వస్తోంది, ఆమె తర్వాత వాడికి రావాలి.

చేయూత లెక్క

ఇది రాసే నాటికి తెలంగాణలో వికలాంగుల పెన్షన్ నెలకు 4,016 రూపాయలు. 2014 నవంబరులో ఆసరా పేరుతో మొదలైన ఈ పథకంలో 3,016 ఉన్నది 2023 జులై నుంచి ఇంత అయింది. 40 శాతం వైకల్యం ఉండాలి, వయసుతో పని లేదు. ఆసరా మార్గదర్శకాల ప్రకారం కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. తరి (మాగాణి) మూడెకరాలు, ఖుష్కి (మెట్ట) ఏడున్నర ఎకరాలు మించి ఉన్నా, కారు ఉన్నా, ఇప్పటికే ప్రభుత్వ పెన్షన్ ఏదైనా వస్తున్నా అర్హత లేదు.

ఇందులో సొంతిల్లు ఉండకూడదన్న మాట లేదు. ఆ ఇంటి మీద అద్దె వస్తే మాత్రం అది ఆదాయంలో కలుస్తుంది. హైదరాబాదులో 2 లక్షల పరిమితి అంటే నెలకు పదహారు వేల ఏడు వందల లోపు. అన్న నెలకు పాతిక వేలు తెస్తూ అదే ఇంట్లో, అదే రేషన్ కార్డులో ఉంటే, తమ్ముడి పేరు మీద గజం స్థలం లేకపోయినా పరిమితి దాటినట్టే. అంటే ఇక్కడ వాటా కన్నా ముందు అడ్డొచ్చేది ఇంట్లోవాళ్ల జీతం. కార్డు వేరు చేయించుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఆఫీసుల చుట్టూ దొరుకుతారు. నిజంగా విడిగా ఉంటుంటే చేయించుకోండి, ఒకే వంటింట్లో తింటూ కాగితం మీద మాత్రం వేరు కావద్దు.

ఇక నా అభిప్రాయం. ఈ పెన్షన్ ఏడాదికి 48,192 రూపాయలు. దీనికి భయపడి డెబ్బై ఎనభై లక్షల ఇంట్లో బిడ్డకు వాటా లేకుండా చేయడం లెక్క తెలిసినవాళ్లు చేసే పని కాదు. పోతే పోనివ్వండి. ఇంటి వాటా వాడికి గోడ, పైకప్పు. పెన్షన్ మొత్తం రేపు ఏ ప్రభుత్వం ఎంత చేస్తుందో ఎవరికీ తెలియదు.

ఫ్యామిలీ పెన్షన్ దగ్గర మాత్రం ఆగి చూడండి

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన భార్యతో కలిసి వచ్చాడు. కూతురికి ముప్పై దాటాయి, సెరిబ్రల్ పాల్సీ. రెండు పోర్షన్ల ఇల్లు మొత్తం కొడుకు పేర గిఫ్ట్ డీడ్ చేయమన్నాడు. "పాప పేరు మీద ఏమొద్దు సార్, నా తర్వాత పెన్షన్ రాకుండా పోతది" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఆర్డరు) ఉన్న ప్లాస్టిక్ కవరు నా టేబుల్ మీద పెట్టింది.

నిబంధన ఇది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, రైల్వేవాళ్ల పిల్లల్లో వైకల్యం వల్ల సొంతంగా సంపాదించుకోలేనివాళ్లకు 25 ఏళ్లు దాటినా జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ముందు తల్లికి లేదా తండ్రికి, తర్వాత 25 లోపు పిల్లలు ఉంటే వాళ్లకు, ఆ తర్వాత వీళ్లకు. ఆదాయ పరిమితిని 2021 ఫిబ్రవరిలో సడలించారు. అంతకుముందు 9,000 రూపాయలు, దాని మీద డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం) దాటితే లేదు. ఇప్పుడు వాళ్ల సొంత ఆదాయం, వాళ్లకు రావాల్సిన మామూలు రేటు ఫ్యామిలీ పెన్షన్ కన్నా తక్కువ ఉంటే చాలు. మామూలు రేటు అంటే ఉద్యోగి ఆఖరి జీతంలో 30 శాతం, దాని మీద డీఆర్.

పీపీఓలో ఆయన ఆఖరి బేసిక్ 56,900. అందులో 30 శాతం 17,070. డీఆర్ ఆరు నెలలకోసారి మారుతుంది కాబట్టి లెక్క కోసం 50 శాతం అనుకుందాం అన్నాను. మొత్తం 25,605. కింది పోర్షన్ అద్దె 11,000, పై పోర్షన్ 9,000. పాప పేరు మీద ఉన్న డిపాజిట్ వడ్డీ నెలకు నాలుగు వేలు. పై పోర్షన్ ఒక్కటే ఆమె పేర రాస్తే ఆదాయం 13,000, పరిమితికి చాలా దూరం. రెండు పోర్షన్లూ ఆమెకే రాస్తే 24,000. ఈ రోజుకు లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అద్దె రెండు వేలు పెరిగిన రోజున పెన్షన్‌కు ఎసరు. ఇంకోటి చెప్పాను: పై పోర్షన్ అద్దెకివ్వకుండా ఆమే అందులో ఉంటే, ఆ ఇంటి మీద ఆదాయమే లేదు. చూసేది ఆమెకు ఎంత వస్తోందని. ఆమె ఉండే ఇల్లు ఎన్ని లక్షలు చేస్తుందని కాదు.

ఆయన కాసేపు కాలిక్యులేటర్ వైపే చూశాడు. చివరికి గిఫ్ట్ డీడ్ రాయలేదు, వీలునామాలో పై పోర్షన్ కూతురికి, కింది పోర్షన్ కొడుక్కి అని రాయించుకున్నాడు.

అసలు చిక్కు ఇల్లు కాదు. ఆ పీపీఓలో కూతురి పేరే లేదు. పెన్షనరు, భార్య బతికుండగానే ఆ బిడ్డ వివరాలు శాఖకు రాసి, మెడికల్ సర్టిఫికెట్ జత చేసి ఆమోదం తీసుకోవచ్చు. వరుసలో ముందు వేరే అర్హులు ఎవరూ లేకపోతే భార్య తర్వాత ఈ బిడ్డకు అని పీపీఓలోనే పేరు ఎక్కిస్తారు. సర్టిఫికెట్‌లో శాతం ఒక్కటే ఉంటే చాలదు, ఈ వైకల్యం వల్ల సంపాదించుకోలేరు అన్న మాట ఉండాలి. శాశ్వత వైకల్యమైతే సర్టిఫికెట్ ఒకసారి ఇస్తే చాలు, తాత్కాలికమైతే ఐదేళ్లకోసారి. తల్లిదండ్రులిద్దరూ పోయాక తోబుట్టువులు ఈ కాగితాల కోసం తిరగడం చూస్తూనే ఉన్నాను. మీరుండగా అదే పని మీ సంతకంతో అయిపోతుంది.

పెళ్లి చేస్తే పోతుందని ఒక అపోహ ఉంది. కేంద్ర నిబంధనల్లో వైకల్యం ఉన్న బిడ్డకు పెళ్లయినా ఈ పెన్షన్ ఆగదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగులైతే రెండూ వస్తాయి, కలిపి నెలకు 1,25,000 దాటకుండా. ప్రైవేటు ఉద్యోగులకు పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం ఈపీఎస్ 95లో కూడా శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో పని లేకుండా పెన్షన్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు వేరే రూల్సు, ట్రెజరీలోనో పెన్షన్ ఆఫీసులోనో కనుక్కోవాలి. ఫ్యామిలీ పెన్షన్ మొదలయ్యాక చేయూత తీసుకోకూడదు. మీరే వెళ్లి ఆపించండి, తర్వాత రికవరీ నోటీసు వచ్చే కన్నా అది నయం.

వీలునామా రాయకపోతే ఏమవుతుంది

హిందూ వారసత్వ చట్టం 1956లో 28వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది: రోగం, లోపం, అంగవైకల్యం కారణంగా ఎవరికీ వారసత్వం పోదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే తల్లి, కొడుకులు, కూతుళ్లు తలా ఒక సమాన వాటా. ఇద్దరు కొడుకులు, తల్లి ఉంటే మేధో వైకల్యం ఉన్న కొడుక్కీ మూడో వంతు, ఎవరూ ఇవ్వక్కర్లేదు, దానంతటదే వస్తుంది. దాని మీద అద్దె వస్తే అది వాడి ఆదాయం లెక్కలోకీ దానంతటదే వస్తుంది.

ఇక్కడే రిలీజ్ డీడ్ కోసం నా దగ్గరకొస్తారు. "తమ్ముడి వాటా నాకు విడుదల చేసినట్టు రాయండి, వాడు వేలిముద్ర వేస్తాడు." నేను రాయను. ఆ అబ్బాయిని కెమెరా ముందు కూర్చోబెట్టి ఫొటో తీస్తారు, వేలిముద్ర తీసుకుంటారు, సబ్ రిజిస్ట్రార్ "దేనికి వచ్చావు బాబూ?" అని అడుగుతాడు. మతిస్థిమితం లేదని కనిపిస్తే రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ కింద తిరస్కరించాలి. ఎలాగో దాటించుకున్నా, అర్థం చేసుకోలేని మనిషి చేసిన డీడ్ కోర్టులో నిలబడదు. ఆ ఇల్లు తర్వాత కొనేవాడి లాయరు మొట్టమొదట పట్టుకునేది అదే.

ఇది మేధో వైకల్యం గురించే సుమా. చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు తమ ఆస్తి తామే అమ్ముకుంటారు, కొనుక్కుంటారు, వీలునామా రాసుకుంటారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 13వ సెక్షన్ వాళ్లకు ఆ హక్కు రాసిపెట్టింది. చూపు లేని మనిషికి గార్డియన్‌ను తెమ్మని ఎవరైనా అంటే ఆ సెక్షన్ చూపించండి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికి నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద గార్డియన్‌ను నియమిస్తారు. పద్దెనిమిది నిండాకే ఇది అవసరం, అంతవరకు తల్లిదండ్రులే సహజ గార్డియన్లు. కలెక్టరు అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, దరఖాస్తు దానికి. మానసిక అనారోగ్యం ఒక్కటే ఉంటే ఈ కమిటీ పరిధిలోకి రాదు, లాయరు సలహా తీసుకోవాల్సిందే.

మా మేనల్లుడికి ఐక్యూ పరీక్ష బోయిన్‌పల్లిలోని జాతీయ సంస్థలో చేయించాం. 1984లో పెట్టిన సంస్థ అది, ఇప్పుడు పేరు నీపిడ్. మాది మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా కాబట్టి విచారణకు శామీర్‌పేట దగ్గరి కలెక్టరేట్‌కు వెళ్లాం. అధికారి వాడి ముందు ఒక ఐదు వందల నోటు, ఒక ఇరవై నోటు పెట్టి ఏది పెద్దదని అడిగాడు. వాడు ఇరవై నోటు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, కొత్తగా పెళపెళలాడుతోందని. ఆయన నవ్వి, ఆ నోటు వాణ్ణే ఉంచుకోమన్నాడు. గార్డియన్‌గా అక్క పేరు వచ్చింది. ఆ సర్టిఫికెట్ తీసుకుని ఒక బ్యాంకుకు వెళ్తే కోర్టు ఆర్డరు కావాలన్నారు. ఈ కమిటీ సర్టిఫికెట్‌తో ఖాతా తెరవొచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ ప్రింటు తీసి మేనేజరుకు ఇస్తే పని జరిగింది. ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా మేధో వైకల్యం ఉన్న బిడ్డ తరఫున తీసుకునేవాళ్లను పెన్షనరు గానీ, వాళ్ల జీవిత భాగస్వామి గానీ ముందే నామినేట్ చేస్తే కోర్టు సర్టిఫికెట్ అడగకూడదు.

ఎలా రాయాలి

అంతా పెద్ద కొడుక్కి రాసేసి "వాడే తమ్ముణ్ణి చూసుకుంటాడు" అనడం ఎక్కువమంది చేసేది, నాకు అన్నింటికన్నా నచ్చనిదీ అదే. కొడుకు మంచివాడే కావచ్చు. అతనికి అప్పులు కావచ్చు, విడాకులు కావచ్చు, తమ్ముడి కన్నా ముందే పోవచ్చు. అప్పుడు ఆ ఇల్లు అతని భార్యాపిల్లలది, బ్యాంకుది. తల్లిదండ్రుల సంరక్షణ చట్టం 2007లో 23వ సెక్షన్ కింద గిఫ్ట్ రద్దు చేయించుకోవచ్చు కదా అంటారు. అది రాసిచ్చిన వృద్ధులను చూసుకోకపోతే పనికొచ్చేది, మీ తర్వాత మిగిలే బిడ్డ కోసం కాదు.

ఒకే ఇల్లు, తోబుట్టువులు మంచివాళ్లు అయినప్పుడు నేను ఎక్కువగా రాసేది జీవిత హక్కు. ఇల్లు అన్నకు, అందులో ఫలానా గది, బాత్రూం, వంటింటి వాడకం తమ్ముడికి జీవితాంతం, అతను బతికుండగా అన్న అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అని. "నివాస హక్కు" అని ఒక్క ముక్కతో వదిలేయకండి, గది ఏ వైపో కూడా రాయండి. అద్దె ఇతనికి రాదు కాబట్టి పెన్షన్ లెక్కకూ ఇది తేలిక. ఆడపిల్లకు జీవిత హక్కు రాసేటప్పుడు మాత్రం లాయరుకు చూపించండి. 1977లో సుప్రీంకోర్టు తులసమ్మ కేసులో, మనోవర్తి హక్కుకు బదులుగా ఆడమనిషికి ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కు అవుతుందని చెప్పింది.

ఆస్తి ఎక్కువ ఉండి అద్దెలు బాగా వస్తుంటే ట్రస్టు పెట్టడం మేలు. ట్రస్టీలుగా ఒక బంధువు, ఒక బయటి మనిషి. నెలకు ఇంత చేతికివ్వాలని రాస్తే అది అతని ఆదాయంగానే కనిపిస్తుంది. మందులు, సంరక్షకుడి జీతం, బడి ఫీజు ట్రస్టే నేరుగా కట్టాలని రాయించడం నా అలవాటు. ఎవరికి ఎంతో తేల్చని ట్రస్టుకు మామూలుగా గరిష్ఠ రేటులో పన్ను పడుతుంది. వీలునామా ద్వారా పెట్టిన ట్రస్టు, అదీ ఆ మనిషి పెట్టిన ఏకైక ట్రస్టు అయితే మామూలు శ్లాబులే.

పాతబస్తీ నుంచి వచ్చే ముస్లిం కుటుంబాలకు ఈ దారి వేరు. వీలునామా మూడో వంతు వరకే, అదీ సున్నీలలో వారసుడికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. బిడ్డకు ఇవ్వదలచింది బతికుండగానే హిబా (దానం) చేసి, స్వాధీనం కూడా అప్పగించాలి.

పన్ను విషయం రెండు ముక్కల్లో. వారసత్వంగా వచ్చిన ఆస్తికి పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. మైనరు ఆదాయం మామూలుగా తల్లిదండ్రుల ఆదాయంలో కలుస్తుంది గానీ, వైకల్యం ఉన్న మైనరుది కలవదు. ఆధారపడిన మనిషి కోసం పాత విధానంలో ఇంటివాళ్లు తీసుకునే 80డీడీ మినహాయింపు 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000. వాటా వచ్చి అతనే సొంతంగా రిటర్న్ వేసి 80యూ (వైకల్యం ఉన్న మనిషి తనకు తాను తీసుకునే మినహాయింపు) తీసుకుంటే, అన్నకు 80డీడీ ఉండదు.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు కావాలి, మీకన్నా వయసులో చిన్నవాళ్లు, ఆస్తిలో వాటా లేనివాళ్లు అయితే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఇలాంటి వీలునామాను రిజిస్టర్ చేయించకుండా నేను పంపను. హైదరాబాదులో ప్రొబేట్ (వీలునామాను కోర్టులో రుజువు చేయించుకోవడం) తప్పనిసరి కాదు. ఊళ్లో పొలం ఉంటే సర్వే నంబరు, పాస్‌బుక్కు నంబరు వేసి విడిగా రాయించండి. లేకపోతే విరాసత్ (వారసుల పేర్లకు పొలం మార్చే) సమయంలో వాటా అందరి పేర్ల మీదా ఎక్కి, గార్డియన్ లేకుండా ఎవరూ కదల్లేరు.

వీలునామాలో గార్డియన్‌గా ఎవరు ఉండాలని మీ కోరికో రాయొచ్చు గానీ, నియమించేది కమిటీయే. గార్డియన్ పదవి వారసత్వంగా రాదు, ఒకరు పోతే మళ్లీ దరఖాస్తు. అందుకే మీ తమ్ముళ్లను, చెల్లెళ్లను కాకుండా తర్వాతి తరం వాళ్లను అడగండి. మా అక్క తర్వాత నేను కాదు, నా కూతురు అని అనుకున్నాం, తను ఒప్పుకుంది. ఒప్పుకున్నవాళ్లకు పని కూడా ముందే చెప్పాలి: నియామకం అయిన ఆరు నెలల్లో ఆస్తుల, అప్పుల జాబితా కమిటీకి ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా మార్చి ముగిసిన మూడు నెలల్లో జమాఖర్చుల లెక్క. అద్దె, వడ్డీ ఆ మనిషి పేరున్న ఒకే ఖాతాలో పడేలా చూసుకుంటే పాస్‌బుక్కు ప్రింటు తీసుకుని, ఖర్చుల కాగితం జత చేయడంతో ఆ లెక్క తేలిపోతుంది. పెన్షన్ ఆదాయ పరిమితి దగ్గరపడుతోందో లేదో కూడా అదే ప్రింటులో కనిపిస్తుంది.